ల్యాప్‌టాప్ మార్చాలా, మరమ్మతు సరిపోతుందా?

ప్రశ్న: మాది విశాఖలోని పెదవాల్తేరు. 2017లో కొన్న నా ల్యాప్‌టాప్ తెరుచుకునేలోపు టీ కాచుకుని తాగేయవచ్చు. అందులో విండోస్ 10 ఉంది. మా అబ్బాయి కృత్రిమ మేధ ఉన్న కొత్తది కొనమంటున్నాడు. కొనమంటారా?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు

జవాబు: తొందరపడకండి, అమ్మా. మీకు కావలసింది మేధ కాదు, వేగం. ఆ కాలపు ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి తిరిగే హార్డ్‌డిస్క్ ఉంటుంది. నిమిషానికి 5,400 చుట్లు తిరిగే పళ్లెం మీద సన్నటి చేయి ఒక్కో ఫైలునూ వెతుక్కోవాలి. దాని బదులు వేసే ఎస్‌ఎస్‌డీ అనే చిప్‌ల డిస్కులో కదిలే భాగమే లేదు. నా పాతదానికి అదే వేయించాను. డాబా గార్డెన్స్‌లో మెకానిక్ అడుగు మూత విప్పితే ఫ్యాన్ మీద బొంతలా దుమ్ము, స్క్రూల తలల మీద తుప్పు! మన ఊరి సముద్రపు గాలి ఇనుప కిటికీలనే వదలదు, స్క్రూలనేం వదులుతుంది? ఇప్పుడది అరనిమిషంలో తెరుచుకుంటోంది.

చిక్కల్లా విండోస్‌తోనే. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు, అంటే భద్రతా అప్‌డేట్లు ఇవ్వడం, 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 ఏమో 2017 నాటి ప్రాసెసర్లలో ఎక్కువ వాటిని అధికారికంగా ఒప్పుకోదు. మంచి యంత్రాన్ని ఇలా మూలకు తోయడం నాకు అస్సలు నచ్చదు. ఉత్తరాలు, వీడియోలు, తెలుగు టైపింగ్ వరకే మీ వాడకమైతే విండోస్ బదులు వాడే లినక్స్ మింట్ వేయించండి, అది ఉచితం. ఫొటోలు మాత్రం ముందే వేరే డిస్కులోకి ఎక్కించండి. బ్యాటరీ ఉబ్బి ఉంటే ఛార్జింగ్ పెట్టకుండా దుకాణానికి తీసుకెళ్లండి.