కోరికలు లేకుండా మనిషి బతకగలడా?

బతకలేడు. నేను పుట్టి పెరిగింది తిరుపతిలో. సాక్షాత్తూ స్వామే పెళ్లి ఖర్చులకు కుబేరుడి దగ్గర అప్పు చేసి, కలియుగం ముగిసేదాకా వడ్డీ కడుతూ ఉంటాడని చిన్నప్పటి నుంచీ విన్నవాళ్లం. అలాంటి ఊళ్లో కూర్చుని కోరికలు చంపుకోండని ఎవరికి చెప్పేది? నా గొడవ వేరే. మనవి అనుకునే కోరికల్లో ముప్పాతిక వంతు మనవి కావు, పక్కవాళ్లను చూసి పుట్టినవే.

మా చిన్నమ్మ సంగతి చెప్తా. ఏళ్ల తరబడి అద్దె ఇళ్లలో, రాత్రి కాగానే మోటారు కట్టేసే ఓనర్ల కింద నలిగి, సొంత ఇల్లు కడితే అలిపిరి నుంచి మెట్లపూజ చేస్తానని మొక్కుకుంది. ఎలాగో ఇల్లయింది. 3,550 మెట్లు, ఒక్కోదానికీ పసుపు రాసి కుంకుమ పెడుతూ ఎక్కింది. పసుపు సంచీ మోసే పని నాది. గాలిగోపురం దగ్గర నడుం పట్టుకుని కూలబడి, "ఇంకేం కావల్ల నాయనా నాకు, ఇది చాలు" అంది.

ఆ చాలు కాస్తా వైకుంఠం కంపార్ట్‌మెంట్‌లో కూర్చునేదాకే. పక్కన కడప వైపు నుంచి వచ్చిన ఒకావిడ. ఆమె ఇంటికి పై అంతస్తు ఉందట, అద్దెకిచ్చారట. కొడుకు అమెరికాలో ఉన్నాడట. చిన్నమ్మ మొదట అద్దె ఎంతొస్తుందని అడిగింది. తర్వాత కాసేపు మాట్లాడలేదు. గేటు తీసేసరికి జాబితా తయారు: పైన రెండు గదులు, మంచి అద్దెవాళ్లు, కొడుక్కి వీసా. ఆ కొడుకేమో చెన్నైలో హాయిగా ఉద్యోగం చేసుకుంటున్నాడు, అమెరికా ఊసే ఎప్పుడూ ఎత్తలేదు.

స్వామి ముందుకొచ్చాం. "జరగండి, జరగండి" అంటూ తోసేశారు. చిన్నమ్మ నోట గోవింద నామం తప్ప ఇంకేం రాలేదు. విమాన వేంకటేశ్వరుడి దగ్గరికొచ్చాక, "అయ్యో, పై అంతస్తు అడగనేలేదే!" అని తలబాదుకుంది. చూశారా? అన్నేళ్లూ అద్దె ఇళ్లలో ఒక్కరోజు కూడా మరవని కోరిక ఆమె సొంతం. కంపార్ట్‌మెంట్‌లో అంటుకున్నది ఒక్క తోపుకే రాలిపోయింది. ఇంతకన్నా రుజువు ఏం కావాలి?

మిచిగన్ విశ్వవిద్యాలయంలో కెంట్ బెరిడ్జ్ అనే శాస్త్రవేత్త ఎలుకల మీద ప్రయోగాలు చేశాడు. మెదడులో డోపమైన్ అనే రసాయనం దాదాపుగా లేకుండా చేస్తే అవి తిండి కోసం కదలవు. తీపి నోట్లో పోస్తే మాత్రం ఎప్పటిలాగే ఇష్టంగా నాకుతాయి. అంటే కావాలనిపించడం వేరు, నచ్చడం వేరు. పై అంతస్తు చిన్నమ్మకు కావాలి, సరే. అద్దెవాళ్లతో రోజూ నీళ్ల గొడవ నచ్చుతుందా అని అడిగితే, "రాత్రి మోటారు కట్టేస్తే సరి" అంటోంది! ఇప్పటికే ఇసుక దిగింది, మేస్త్రీ అడ్వాన్సు కూడా తీసుకున్నాడు.

అన్నట్టు, తిరుపతి అని చెప్పాను కదా అని బ్రేక్ దర్శనానికి లెటర్ ఇప్పించమని మెసేజ్‌లు పెట్టకండి. సొంత బంధువులకే ఇప్పించలేక పెళ్లిళ్లలో ముఖం చాటేసి తిరుగుతున్నాను.