చూపు లేనివాళ్లు పల్లెలో నలుగురితో ఎలా కలుస్తారు?

ఈ ప్రశ్న ఒకరు నన్నడిగారు, దీని మీద పరిశోధనలు ఏం చెబుతున్నాయని కూడా. మాది కోనసీమలో సఖినేటిపల్లి వైపు. మా బాబాయ్‌కి పుట్టుకతోనే చూపు లేదు. అందుకని ఆయన సంగతే చెబుతాను. ముందు ఒక లెక్క.

1996 నుంచి 2000 దాకా ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి వాళ్లు చేసిన పెద్ద సర్వేలో, మాకు గోదారి అవతలున్న పశ్చిమ గోదావరి జిల్లా కూడా ఉంది. మొత్తం పదివేల మందికి పైగా పరీక్షిస్తే, నూటికి దాదాపు ఇద్దరికి చూపు లేదని తేలింది. అంటే ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. మరి పెళ్లిలో, తీర్థంలో ఎందుకు కనబడరు? మనమే ఇంట్లో కూర్చోబెట్టేస్తున్నాం. అదీ ప్రేమతోనే!

బాబాయ్ కొబ్బరికాయ వలుపుకి వెళ్తాడు. గునపం మీద మూడు పట్లు పడితే డొక్క ఊడిపోతుంది. కాయని చెవి దగ్గర ఆడించి కుళ్లుదైతే పక్కకి తోసేస్తాడు.

ఆరేళ్ల కిందట నరసాపురంలో పెళ్లికి బయల్దేరాం. రేవులో బాబాయ్ కర్రతో పంటు (గోదారి దాటించే పెద్ద పడవ) పలక అంచు వెతుక్కుంటుంటే, ఇద్దరు కుర్రాళ్లు "పాపం, కళ్లు లేవురా" అంటూ చెరో చంకలో చెయ్యేసి ఎత్తి లోపల దింపేశారు. ఆ ఊపులో కర్ర గోదాట్లో పడింది. కుర్రాళ్లు మంచివాళ్లే. కానీ అవతలి గట్టు దాకా బాబాయ్ నోరు విప్పలేదు, చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని అలా ఉండిపోయాడు. పెళ్లిలో పంక్తిలో కూర్చుంటానన్నా వినకుండా, మూల కుర్చీలోకే విస్తరి తెచ్చిచ్చారు.

బయట సంగతీ అంతే. చూపు లేదని ఏటీఎం కార్డు కాదనకూడదని రిజర్వు బ్యాంకు 2008లోనే చెప్పింది. అయినా ఒక బ్యాంకులో మమ్మల్ని నాలుగు నెలలు తిప్పారు. ఇక ఆయన కర్రతో తడుముకుంటూ నడిచే రోడ్డు అంచు మీదే అందరూ బైకులు పెడతారు. నలుగురిలో కలిసి బతకడం వాళ్ల హక్కని ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒప్పందం 19వ అధికరణంలో ఉంది. మన దేశం 2007లోనే దానికి ఒప్పుకుంది.

దయచేసి ఎత్తకండి, లాగకండి. అడిగి, మీ మోచెయ్యి ఇవ్వండి.

తిరుగు ప్రయాణంలో పంటు టికెట్లు కోసే కుర్రాడు వచ్చి, "బాబాయ్ గారూ, నా భుజం పట్టుకోండి. పలక మూడడుగులండి, తర్వాత కిందికి ఒక మెట్టండి" అన్నాడు. బాబాయ్ తనే ఎక్కాడు. రేవు వచ్చేలోగా ఆ అబ్బాయి ఊరు, వాళ్ల నాన్న పేరు, వాళ్లకెన్ని కొబ్బరి చెట్లున్నాయో అన్నీ అడిగేశాడు. దిగేటప్పటికి వాళ్ల కాయ వలుపు కూడా ఒప్పేసుకున్నాడు.