బండి స్పీడు చూసి టైము లెక్క వేయకు

చిరంజీవి మేనల్లుడికి, మావయ్య ఆశీస్సులు.

విశాఖలో ఉద్యోగం, విజయనగరం నుంచి రోజూ పాసింజర్ రైల్లోనే వెళ్ళొస్తావని మీ అమ్మ చెప్పింది. సంతోషం. కానీ అరవై కిలోమీటర్లు, అరగంటలో దిగిపోతానన్న నీ లెక్కకి మాత్రం నవ్వొచ్చిందిరా.

గంటకి వంద కిలోమీటర్ల స్పీడులో పోయే బండికి ఆ 60 కిలోమీటర్లు 36 నిమిషాలు. స్పీడు 130కి పెంచితే 28. మిగిలేది ఎనిమిది నిమిషాలు. నీ పాసింజర్‌ని ఒక్కసారి లూప్‌లైన్లో, అంటే వెనక బండికి దారివ్వడానికి స్టేషన్లో ఉండే పక్క పట్టా మీద పెడితే పావుగంట పోతుంది. ఎలాగంటావా? లూప్‌లోకి పట్టా మారే పాయింట్ల మీద స్పీడు 30 దాటకూడదు, కొన్నిచోట్ల 15. వెనక ఎక్స్‌ప్రెస్ బ్రేకు వేయక్కర్లేకుండా నీ బండి ముందే లోపలికి వచ్చేయాలి. అది దూసుకుపోయి ముందు దారి ఖాళీ చేశాకే నీకు సిగ్నల్. జనం దీన్ని కూడా 'క్రాసింగ్' అంటారు; క్రాసింగంటే ఒకే పట్టా మీద ఎదురొచ్చే బండికి తప్పుకోవడం, ఎదురుబండ్లకి వేరే పట్టా ఉన్నచోట క్రాసింగేమిటో!

నేను స్టేషన్లో సిగ్నళ్ళు నడిపే ప్యానెల్ ముందు కూర్చున్న రోజుల్లో ఒక మాస్టారు రోజూ నా గదిలోకి వచ్చి, "మా బండినే ఎందుకయ్యా తొక్కేస్తావు?" అనేవారు. పట్టా మీద బండి ఉందని ప్యానెల్ మీద ఎర్రగా వెలుగుతున్న లైను చూపించేవాణ్ణి. అన్ని బండ్లూ ఒకే స్పీడులో పోతే ఎక్కువ బండ్లు వదలొచ్చు. గూడ్సు, ప్రతి స్టేషన్లో ఆగే పాసింజరు, వందేభారత్ ఒకే పట్టా మీదుంటే, వేగంగా పోయేదాని స్పీడు పెంచినకొద్దీ నెమ్మదిగా పోయేది ఇంకా ఎక్కువసార్లు పక్కకి తప్పుకోవాలి. కొత్తవలసలో కిరండూల్ నుంచి ఇనుప ఖనిజం గూడ్సులు కూడా వచ్చి కలుస్తాయి. అక్కడినుంచి ఇంకా రద్దీ.

అందుకని, ఆఫీసు టైముకి సరిపోయే బండి కాకుండా దానికి ముందు బండి పట్టుకో. నీ బండి వెనకే ఏ ఎక్స్‌ప్రెస్ ఉందో చూసుకో. సీజన్ టికెట్ మీద వందేభారత్ ఎక్కనివ్వరు, ఆ ఆశ పెట్టుకోకు.

ఆటోమేటిక్ సిగ్నల్, అంటే ముందున్న బండిని బట్టి తనంతట తానే మారేది, ఎర్రగా ఉంటే డ్రైవరు పగలు ఒక నిమిషం, రాత్రి రెండు నిమిషాలు ఆగి, తర్వాత మెల్లగా పాకించాలి. ముందు పట్టా మీద ఇంకో బండి ఉండొచ్చు గనక ఆ పాకుడికి విసుక్కోకు. 2023 అక్టోబరు 29 రాత్రి కంటకాపల్లి–అలమండ మధ్య పలాస పాసింజర్‌ని రాయగడ పాసింజర్ వెనకనుంచి గుద్దింది మన లైన్లోనే.

ఇంకోటి. లూప్‌లో ఆగినప్పుడు టీ కోసమని పట్టాల వైపు దిగకు. ఆగింది పక్క లైన్లో వచ్చే బండి కోసమే.

ఆదివారం వచ్చేటప్పుడు టైంటేబుల్ పట్టుకురా, కూర్చుని పెన్సిల్‌తో గుర్తులు పెడదాం.

మీ మావయ్య