ఆ వైరు జోలికి వెళ్లకండి

"సార్, ఆరు నెలల కిందట ఎలక్ట్రిక్ కారు కొన్నాను. నెమ్మదిగా నడిపితే ముందు నుంచి గుయ్‌య్‌మని ఒక శబ్దం, రివర్స్ వేస్తే ఇంకో రకం. రాత్రి పదకొండింటికి సెల్లార్లో పార్క్ చేస్తుంటే ఫస్ట్ ఫ్లోర్ వాళ్లు గొడవకు వస్తున్నారు. తెలిసిన మెకానిక్ బంపర్ వెనకాల ఒక వైరు పీకేస్తే చాలంటున్నాడు. పీకించేయనా? వారంటీ పోతుందా?" కూకట్‌పల్లి నుంచి ఒక పాఠకుడు.

ఇదే ప్రశ్న ఊరి పేరు మార్చుకుని ఈ రెండు నెలల్లో ఏడెనిమిది సార్లు వచ్చింది. అందరిదీ వారంటీ బెంగే, అసలు ఆ శబ్దం ఎవరి కోసం పెట్టారని ఒక్కరూ అడగలేదు. వారంటీ మాటకొస్తే పోవచ్చు, పైగా వైరు పీకిన సంగతి కారు తన మెమరీలో రాసి పెట్టుకోవచ్చు, రేపు ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ వాళ్ల ముందు మీరే సమాధానం చెప్పుకోవాలి. అది పక్కన పెట్టండి. ఎలక్ట్రిక్ కారు నెమ్మదిగా వెళ్తుంటే చప్పుడు ఉండదు కదా, నడిచేవాళ్లకు బండి వస్తోందని తెలియడానికి బయటి స్పీకర్లో మోగించే హెచ్చరికే ఆ శబ్దం.

నా సంగతి చెప్తాను. నేను ఇదివరకు నడిపిన ఎలక్ట్రిక్ కారుకి ఈ శబ్దం ఆపే బటన్ ఉండేది. ఒకసారి నొక్కితే మళ్లీ మనం ఆన్ చేసేదాకా అంతే, ఆపేసి ఉందని స్క్రీన్ మీద ఒక చిన్న గుర్తు కూడా కనపడదు. నేనూ మీలాగే ఆపేసి మర్చిపోయాను. ఒకరోజు ఫ్లైటు కోసం తెల్లవారుజామున ఐదింటికి బయల్దేరాను. మా సెల్లార్ ర్యాంపు నిటారుగా ఉంటుంది, లైట్లు గేటు పైకి కొడతాయి తప్ప కింద ఏముందో పైకొచ్చేదాకా కనపడదు. పైకి రాగానే మా వాచ్‌మన్ భార్య, గేటు ముందు వంగి ముగ్గేసుకుంటోంది, వీపు నా వైపు. బ్రేకు తొక్కాక చూస్తే ఆవిడ ముగ్గు డబ్బాకీ నా బంపర్‌కీ మధ్య జానెడు ఖాళీ. ఆవిడ తిట్టలేదు. "బండి వచ్చినట్టే తెలీలేదయ్యా" అంది, అంతే. పెట్రోలు కారైతే కింద సెల్ఫ్ కొట్టిన చప్పుడుకే లేచి పక్కకు జరిగేది, ఇన్నేళ్లుగా రోజూ చేస్తున్న పనే అది. ఆ బటన్ మళ్లీ ముట్టుకోలేదు.

నేనొక్కడినే ఇలా అనుకోకండి. బ్రిటన్‌లో 2013 నుంచి 2017 వరకు జరిగిన ప్రమాదాల లెక్కలు తీసి లండన్ స్కూల్ ఆఫ్ హైజీన్ అండ్ ట్రాపికల్ మెడిసిన్ వాళ్లు 2024లో ఒక అధ్యయనం బయటపెట్టారు. ఒకే దూరానికి లెక్క వేస్తే, పెట్రోలు, డీజిల్ కార్లకంటే ఎలక్ట్రిక్, హైబ్రిడ్ కార్లు పాదచారులను గుద్దింది రెండింతలు. అప్పటికి అక్కడ ఈ శబ్దం తప్పనిసరి కాదు. యూరప్‌లో 2019 జులై నుంచి కొత్త మోడళ్లకు, 2021 జులై నుంచి అమ్మే ప్రతి కొత్త ఎలక్ట్రిక్, హైబ్రిడ్ కారుకూ తప్పనిసరి చేశారు. అమెరికాలోనైతే చూపులేనివాళ్ల సంఘాలు ఏళ్ల తరబడి పోరాడితే చట్టం వచ్చింది.

ఐక్యరాజ్యసమితి నిబంధన 138 ప్రకారం కారు 20 కిలోమీటర్ల వేగం దాకా మోగాలి. ఆపైన టైర్ల చప్పుడే సరిపోతుంది. రెండు మీటర్ల దూరంలో మైకు పెట్టి కొలిస్తే గంటకు 10 కిలోమీటర్ల వేగంలో కనీసం 50 డెసిబెల్స్, 20లో 56, రివర్స్‌లో 47 ఉండాలి, 75 దాటకూడదు. ఈ అంకెల్లోనే మీ సమస్యకు మందు ఉంది. వేగం తగ్గితే శబ్దమూ తగ్గుతుంది. సెల్లార్లో పదిహేనులో దూసుకురాకుండా నడక వేగంలో రండి, ఫస్ట్ ఫ్లోర్ వాళ్లకు సగం శాంతి దొరుకుతుంది. అప్పటికీ గోల ఎక్కువనిపిస్తే సర్వీస్ సెంటర్లో బంపర్ క్లిప్పులు, నంబరు ప్లేటు బిగించమనండి, చాలాసార్లు గీమంటూ అదిరేది అవే. కారు పార్క్ చేసి దిగిపోయాక కూడా మోగుతోందంటే అది ఈ శబ్దం కాదు, లోపల చల్లబరిచే ఫ్యాన్ అయ్యుంటుంది.

విచిత్రం ఏంటంటే ఈ 50, 56 డెసిబెల్స్ అమీర్‌పేట సెంటర్లో ఎవరికీ వినపడవు, అక్కడి హారన్ల మధ్య అది దోమ పాట. వినపడేదల్లా సెల్లార్లో, కాలనీ సందులో, స్కూలు గేటు దగ్గర. పిల్లలు, ముసలివాళ్లు వెనక్కి చూడకుండా నడిచేది కూడా సరిగ్గా అక్కడే కదా.

ఇంకొకటి, బంపర్‌కి సొట్ట పడి బయట ఎక్కడో మార్పించినవాళ్లు ఒకసారి చెక్ చేసుకోండి. స్పీకరు ఉండేది దాని వెనకే. మా ఫ్రెండు కారుకి బంపర్ బిగించి రంగు వేసి పాలిష్ పెట్టి ఇచ్చారు, స్పీకరు కనెక్టర్ మాత్రం గాల్లో వేలాడుతోంది. నెల రోజులు మూగబండిలో తిరిగాడు పాపం. ఆ డ్యాష్‌బోర్డు చూస్తే అందులో టైరులో గాలి తగ్గితే లైటు, డోరు సరిగ్గా పడకపోతే లైటు, సీటు మీద కూరగాయల సంచి పెడితే బెల్టు పెట్టుకోమని అరుపు, బయటివాళ్ల ప్రాణం కాపాడే స్పీకరు ఊడిపోతే మాత్రం ఏమీ లేదు. లోపల కూర్చున్నవాడే కస్టమర్, బయట నడిచేవాడు కాదు, డిజైన్ చేసినవాళ్ల లెక్క అది.

"ఆన్‌లైన్లో 1,800 రూపాయలకు ఒక డాంగిల్ చూశాను. స్టీరింగ్ కింద ఉండే పోర్టులో పెడితే ఫోన్ యాప్‌తో ఆ గుయ్ శబ్దాన్ని స్పోర్ట్స్ కారు శబ్దంగా మార్చుకోవచ్చట. యాప్ ప్లేస్టోర్లో లేదు, వాట్సాప్‌లో ఏపీకే (యాప్ ఫైలు) పంపుతామన్నారు. కొనొచ్చా?" విజయవాడ నుంచి.

వద్దు. ఇంకోసారి కూడా చెప్తాను, వద్దు.

నాకు వైరు పీకేవాళ్లకంటే మీ గురించే ఎక్కువ టెన్షన్. వైరు పీకితే కారు మూగదవుతుంది, మీరు చేస్తానంటున్నది దాని తాళంచెవి ముక్కూ మొహం తెలియనివాడి చేతికివ్వడం. కారులో బ్రేకులు, స్టీరింగు, డోర్ లాకులు, ఈ స్పీకరు, అన్నీ మాట్లాడుకునే లైను ఒకటుంది, క్యాన్ బస్ అంటారు. 1980లలో తయారైన పద్ధతి. అందులో "నువ్వెవరు" అని అడిగే ఏర్పాటు లేదు, లైన్లోకి ఎవరొచ్చి ఏం చెప్పినా మిగతావి వింటాయి. కొత్త కార్లలో ఆ పోర్టుకీ ఈ లైనుకీ మధ్య ఒక కాపలా పెడుతున్నారు, నిజమే. మరి మీ డాంగిల్ ఆ స్పీకరు శబ్దాన్ని నిజంగా మార్చగలిగిందంటే కాపలాను దాటుకుని లోపలికి వెళ్లిందనే కదా అర్థం? దాటలేదంటే లోపలి మ్యూజిక్ స్పీకర్లలో ఏదో మోగించి మిమ్మల్ని మోసం చేస్తోందని. రెండింట్లో ఏదైనా మీ 1,800 గోవిందా.

2015లో కాలిఫోర్నియా యూనివర్సిటీ శాన్ డియాగో పరిశోధకులు ఇలాంటి డాంగిల్‌నే తీసుకున్నారు. అది గాలివాటం సరుకు కాదు, ఇన్సూరెన్స్ కోసం వాడే రకం. దానికి ఎస్ఎంఎస్‌లు పంపి కారు వైపర్లు తిప్పారు, నెమ్మదిగా వెళ్తున్నప్పుడు బ్రేకులు వేయించారు, బ్రేకులు పనిచేయకుండానూ చేశారు. మీరు కొంటానన్నదానికి తయారీదారు పేరు లేదు, అప్‌డేట్లు లేవు, వీటిలో చాలావాటికి బ్లూటూత్ పిన్ 1234. సిగ్నల్ దగ్గర మీ పక్కన ఆగిన ఎవడైనా ప్రయత్నించొచ్చు.

ఇక ఆ ఏపీకే. చలాన్ పేరుతో వాట్సాప్‌లో వచ్చే ఏపీకేలు నొక్కి ఖాతాలు ఖాళీ చేసుకున్నవాళ్ల వార్తలు వారానికోటి చదువుతూనే ఉన్నాం. శబ్దం మార్చే యాప్ మీ ఎస్ఎంఎస్‌లు చదివే అనుమతి అడిగిందంటే, దానికి అవెందుకండీ? ఓటీపీలు వచ్చేది అందులోనే. ఇన్‌స్టాల్ చేసి ఉంటే ముందు ఫోన్ ఇంటర్నెట్ ఆపండి, యాప్ తీసేయండి, వేరే ఫోన్ నుంచి బ్యాంకు పాస్‌వర్డులు మార్చండి, డాంగిల్ పీకి పారేయండి.

అసలు ఆ శబ్దం మన సరదా కోసం కాదు. వేగం పెరిగేకొద్దీ దాని శ్రుతి కూడా పెరగాలని నిబంధన, వినేవాడికి బండి దగ్గరికి వస్తోందో ఆగుతోందో చెవితోనే తెలియాలి కాబట్టి. పాట పెడితే ఆ సంగతి తెలియదు. రివర్స్ గేర్ వేస్తే ట్యూన్ మోగే పాత కార్లు గుర్తున్నాయా, కాలనీ మొత్తానికి ఏదో కారు వెనక్కి వస్తోందని తెలిసేది, ఎటు నుంచో తెలిసేది కాదు. అమెరికాలో ఒక కంపెనీ తనే బయటి స్పీకర్లో ఇష్టమైన శబ్దాలు వేసుకోండని ఇచ్చింది, హెచ్చరిక శబ్దం అందులో మునిగిపోతోందని 2022 ఫిబ్రవరిలో సుమారు 5 లక్షల 78 వేల కార్లకు రీకాల్ ప్రకటించి, అప్‌డేట్ పంపి దాన్ని కట్టేయాల్సి వచ్చింది.

"మా నాన్నగారికి చూపు లేదు. రోజూ కర్రతో రామాలయం దాకా నడిచి వస్తారు. ఈమధ్య రెండుసార్లు ఎలక్ట్రిక్ స్కూటర్లు చేతికి రాసుకుంటూ వెళ్లాయి. వాటికి శబ్దం పెట్టాలని రూలు లేదా?" గుంటూరు నుంచి ఒక అమ్మాయి.

లేదమ్మా. ఈ శబ్దం తప్పనిసరి చేయాలని కేంద్ర రవాణా శాఖ 2025 సెప్టెంబరులో ఒక ముసాయిదా ఇచ్చింది. అందులో పెట్టిన గడువులు కొత్త ఎలక్ట్రిక్ మోడళ్లకు 2026 అక్టోబరు 1, ఇప్పటికే అమ్ముతున్న మోడళ్లకు 2027 అక్టోబరు 1. ప్రమాణం పేరు ఏఐఎస్-173. కానీ అదంతా కార్లు, బస్సులు, లారీలకే. స్కూటర్లు, ఆటోలు ఆ లెక్కలో లేవు. మన సందుల్లో, ఫుట్‌పాత్ మీద, రాంగ్‌రూట్లో చప్పుడు లేకుండా వచ్చేవి ఏవి? డెలివరీ సంచి తగిలించుకుని ఒంటిచేత్తో ఫోన్లో మ్యాప్ చూసుకుంటూ వచ్చే స్కూటర్లు. దేశంలో 2022 ఒక్క ఏడాదిలో రోడ్డు మీద చనిపోయిన పాదచారులు 32,825 మంది. అందులో ఎలక్ట్రిక్ బండ్ల వాటా ఎంతో కాసేపు పక్కన పెట్టినా, నడిచేవాడికి ఇక్కడ ఉన్న ఒకే ఒక్క రక్షణ చెవి, దాన్ని కూడా లాగేసుకుని దానికి పర్యావరణం అని పేరు పెట్టుకుంటున్నాం. ఎలక్ట్రిక్ బండ్లంటే నాకు కోపం లేదు, నాదీ అదే. ఖరీదైన కారుకు రూలు రాసి, దానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ అమ్ముడుపోయే స్కూటర్‌ను వదిలేసినందుకే కోపం.

నాన్నగారికి ప్రస్తుతానికి నేను చెప్పగలిగేది కొంచెమే. నడిచేటప్పుడు వాహనాలకు ఎదురుగా ఉండే వైపు నడవమనండి, కర్రకు మెరిసే రిఫ్లెక్టర్ స్టిక్కర్ అంటించండి, చెవిలో ఇయర్‌ఫోన్స్ ఉంటే తీసేయమనండి. మీ వీధిలో రోజూ తిరిగే డెలివరీ కుర్రాళ్లను ఒకసారి ఆపి నాన్నగారిని చూపించండి, వాళ్లలో చాలామంది మంచివాళ్లే, వాళ్లను తరిమేది యాప్‌లో టైమరు.

"ఆ స్పీకరు వల్ల బ్యాటరీ తగ్గి మైలేజీ పడిపోతుందా?" కరీంనగర్.

పడిపోదు. అది తినేది కొద్ది వాట్లు. మైలేజీ కావాలంటే ఏసీ చల్లదనం ఒక పాయింట్ తగ్గించుకోండి.