ఒకరి జమాఖర్చు పక్కన ఇంకొకరి శుభలేఖ

చిక్కడపల్లి,
హైదరాబాద్

అమ్మాయ్,

లోక్‌సభ ఎన్నికల కోసం పార్టీలనూ నాయకులనూ పోలుస్తూ నువ్వు రాసిన వ్యాసం అందింది. రాత్రి ఒకసారి, పొద్దున టీ తాగుతూ ఇంకోసారి చదివాను. ఉత్తరంలో నాలుగు చోట్ల ‘మేడం’ అని రాశావు. అక్కా అంటే చాలు.

రెండోసారి చదివేటప్పుడు పెన్సిల్ పట్టుకున్నాను. నీకు నచ్చిన నాయకుడి పేరు వచ్చిన ప్రతిచోటా క్రియ చూసుకుంటూ పోయాను: అన్నారు, ప్రకటించారు, గుర్తుచేశారు. రెండో నాయకుడి దగ్గరికి వచ్చేసరికి: అన్నాడు, దాటేశాడు, మాట మార్చాడు. పదకొండు చోట్ల. కావాలని చేసి ఉండవు. కానీ నువ్వు ఎవరి పక్షమో మొదటి పేజీలోనే నీ క్రియలు చాటింపు వేసేశాయి. మన భాషలో ఒక్క అక్షరంతో మర్యాద వస్తుంది, ఒక్క అక్షరంతో పోతుంది. ‘రు’ ఇస్తే అందరికీ ఇవ్వు, లేకపోతే ఎవరికీ వద్దు. నాకైతే అందరికీ ఇవ్వడమే ఇష్టం. మర్యాదగా తిడితేనే గట్టిగా తగులుతుంది.

ఇక అసలు సంగతి. వ్యాసంలో నాకు బాగా నచ్చింది మీ గల్లీ గురించి రాసిన పేరా. వాన పడ్డప్పుడల్లా పొంగే మ్యాన్‌హోల్, గడప దాకా వచ్చే నల్లటి నీళ్లు, మీ అమ్మ గడపకు అడ్డంగా పేర్చే ఇటుకలు. చదువుతుంటే ముక్కు మూసుకోవాలనిపించింది. అంత బాగా రాసి, వెంటనే దాన్ని తీసుకెళ్లి ప్రధానమంత్రి మెడకు చుట్టావు. అక్కడ వ్యాసం జారిపోయింది. మన ఊళ్లో మురుగు లైన్లు జలమండలి పని. జలమండలి రాష్ట్ర ప్రభుత్వానిది. ఆ ఇటుకల లెక్క అసెంబ్లీ ఎన్నికలప్పుడు అడగాలి.

లోక్‌సభ ఎన్నికకు పనికొచ్చే వీధి కష్టమే కావాలంటే దానికోసం ఢిల్లీ పోనక్కర్లేదు, సికింద్రాబాద్ కంటోన్మెంట్ వైపు వెళ్లు. అక్కడి బోర్డు రక్షణ శాఖ కిందిది. ఏ రోడ్డు జనానికి తెరిచి ఉంచాలి, ఏది మూయాలి అన్న పేచీ ఏళ్లుగా నడుస్తూనే ఉంది. ఆ ప్రాంతం మల్కాజిగిరి లోక్‌సభ స్థానంలోకి వస్తుంది. ఓటర్ల సంఖ్యలో దేశంలోకెల్లా పెద్ద స్థానం అదే. లేదా మన లోకల్ రైలు ఎంఎంటీఎస్ సంగతి తీసుకో. రెండో దశకు రాష్ట్రమూ రైల్వేలూ కలిసి డబ్బు పెట్టాలని ఒప్పందం. ఆలస్యం ఎందుకయిందని అడిగితే ఒకరి వేలు ఇంకొకరి వైపు చూపిస్తుంది. పోల్చడానికి అసలైన సందు అక్కడ దొరుకుతుంది నీకు. ఎవరి వాటా ఎంత, ఏ ఏడాది ఎంత ఇచ్చారు, అప్పుడు ఆ కుర్చీలో ఎవరున్నారు? ఈ మూడింటికీ కాగితం దొరికేదాకా పెన్ను తీయకు.

నేను చేసిన తప్పు ఒకటి చెప్తాను. చాలా ఏళ్ల కిందట ఒక పత్రిక ఎన్నికల ప్రత్యేక సంచికకు నన్ను ఇలాంటి వ్యాసమే అడిగింది. నేను పేజీ మధ్యలో నిలువు గీత గీశాను. ఎడమవైపు అధికార పార్టీ పూర్తిచేయని పనులు, పెంచిన ధరలు, మింగిన మాటలు. కుడివైపు ప్రతిపక్షం మేనిఫెస్టోలోంచి ఏరిన మంచి మంచి వాక్యాలు. పత్రికలో అందరూ మెచ్చుకున్నారు. నేనూ రెండు రోజులు గాల్లో తేలాను.

వారం తర్వాత ఒక పోస్టుకార్డు వచ్చింది. పేరు లేదు, ‘రిటైరయిన అకౌంటెంట్’ అని మాత్రం ఉంది. నీలం ఇంకు, ఆవగింజలంత అక్షరాలు, చోటు చాలక చివరి లైను కార్డు అంచు వెంబడి నిలువుగా ఎక్కింది. “మీరు ఒకరి జమాఖర్చు పుస్తకం పక్కన ఇంకొకరి పెళ్లి శుభలేఖ పెట్టి, ఎవరి సంసారం బాగుందో చెప్పమంటున్నారు. శుభలేఖలో అప్పులు రాయరమ్మా.”

ముఖం మీద చన్నీళ్లు కొట్టినట్టయింది. నేను శుభలేఖ చూపించిన పార్టీ అంతకుముందు ఏలిన పార్టీయే. దానికీ ఒక జమాఖర్చు పుస్తకం ఉంది. నేను తెరవలేదు. ఎందుకు తెరవలేదంటే, ఆ పార్టీ అంటే నాకు ఇష్టం. అంతకుమించి కారణం లేదు.

నీ వ్యాసంలో ఉన్నదీ అదే గీత. ఒకవైపు పదేళ్ల పాలన, ఇంకోవైపు ఒక పాదయాత్రలో చెప్పిన మాటలు. చేతల పక్కన చేతలే పెట్టు, మాటల పక్కన మాటలే పెట్టు. కేంద్రంలో ఎన్నడూ ఏలని పార్టీ అయితే అది ఏలిన రాష్ట్రం చూడు. ఏ రాష్ట్రమూ ఏలకపోతే సభలో ఏ బిల్లుకు ఎటు ఓటేసిందో చూడు. ఇవన్నీ కాక, ఒకే పార్టీని దాని పక్కన దాన్నే నిలబెట్టి చూడు, అధికారంలో ఉండగా ఒకసారి, లేనప్పుడు ఒకసారి. జీఎస్టీ ఉంది కదా. దానికోసం రాజ్యాంగ సవరణ బిల్లును 2011లో లోక్‌సభలో పెట్టింది కాంగ్రెస్ నాయకత్వంలోని యూపీఏ ప్రభుత్వం. గుజరాత్‌తో సహా బీజేపీ రాష్ట్రాలు అప్పుడు అడ్డం తిరిగాయి. 2014లో ఆ లోక్‌సభ గడువుతో పాటే ఆ బిల్లూ పోయింది. తర్వాత బీజేపీయే దాన్ని తెచ్చి, 2016లో సవరణ గెలిపించుకుని, 2017 జులై 1 నుంచి అమలు చేసింది. అప్పుడు తప్పులు పట్టే వంతు కాంగ్రెస్‌ది. రెండుచోట్లా కొన్ని అభ్యంతరాలు న్యాయమైనవే, బిల్లులు కూడా అచ్చంగా ఒకటి కావు. కానీ కుర్చీ మారగానే ఎవరి నోట ఏ మాట మారింది, ఏది మారకుండా నిలిచింది అని రాయగలిగితే, మోదీ ఉపన్యాసం బాగుంటుందా రాహుల్ చొక్కా బాగుంటుందా అన్న మూడు పేజీలు నీకు అవసరం రావు.

అవును, ఆ మూడు పేజీలు తీసెయ్.

నాయకుణ్ణి చూడొద్దని కాదు. మనిషికీ జెండాకీ మధ్య ఉన్న ముడి ఏమిటో ముందు విప్పుకోవాలి. మన పక్కనే ఉన్న చేవెళ్ల చూడు. 2019లో అక్కడ కొండా విశ్వేశ్వర్ రెడ్డి కాంగ్రెస్ అభ్యర్థి, రంజిత్ రెడ్డి టీఆర్ఎస్ అభ్యర్థి. రంజిత్ రెడ్డి గెలిచారు. 2024లోనూ పోటీలో అదే ఇద్దరు. ఈసారి విశ్వేశ్వర్ రెడ్డి బీజేపీ, రంజిత్ రెడ్డి కాంగ్రెస్. విశ్వేశ్వర్ రెడ్డి గెలిచారు. 2014లో ఆయన అదే స్థానంలో గెలిచింది టీఆర్ఎస్ తరఫున! ఇప్పుడు చెప్పు, చేవెళ్ల ఓటరు దేన్ని దేంతో పోల్చుకోవాలి? మనిషి మంచివాడని వేస్తే, రేపు సభలో ఆ మనిషి చేతులు పార్టీ విప్‌తో, అంటే ఎటు ఓటేయాలో పార్టీ ఇచ్చే ఆదేశంతో, కట్టేసి ఉంటాయి. 1985 నాటి ఫిరాయింపుల నిరోధక చట్టం అలాంటిది, విప్‌ను ధిక్కరిస్తే సభ్యత్వం పోయే ప్రమాదం ఉంది. సరే, పార్టీకే వేద్దామంటే అభ్యర్థి వచ్చే ఎన్నికకు ఏ కండువాతో వస్తారో చెప్పలేం. ఈ ఇరకాటం గురించి ఎవరూ సరిగ్గా రాయడం లేదు. నువ్వు రాయి. తార్నాకలో కూర్చుని రాయకు, చేవెళ్ల బస్సెక్కి పోయి అక్కడి టీ కొట్టు దగ్గర అడిగి రా.

ఓటర్లను తక్కువ అంచనా వేస్తూ నువ్వు రాసిన వాక్యం కొట్టేశాను, క్షమించు. ‘జనం గుడ్డిగా వేస్తారు’ అన్నావు. మన రాష్ట్రం లెక్కలు చూశావా? 2018 డిసెంబర్‌లో టీఆర్ఎస్‌కు 119లో 88 సీట్లు ఇచ్చిన జనం, కొన్ని నెలలకే లోక్‌సభకు వచ్చేసరికి 17లో 9 ఇచ్చారు. అసెంబ్లీలో ఒక్క సీటుతో మిగిలిన బీజేపీకి 4 ఇచ్చారు. 2023లో అదే టీఆర్ఎస్, బీఆర్ఎస్ అన్న కొత్త పేరుతో, ఓడినా అసెంబ్లీలో 39 దక్కాయి. 2024 లోక్‌సభలో సున్నా. కాంగ్రెస్‌కు 8, బీజేపీకి 8, మజ్లిస్‌కు 1. ఇది రాష్ట్రం, ఇది ఢిల్లీ అని జనం విడివిడిగా బేరీజు వేసుకుంటున్నారు. నీ వ్యాసమే మ్యాన్‌హోల్‌ను, పార్లమెంటును కలిపేసింది.

ఓట్ల శాతాన్నీ సీట్లనూ ఒకటిగా చూడకు. 2014లో బీజేపీకి 31 శాతం ఓట్లకు 282 సీట్లు వచ్చాయి. అదే ఎన్నికలో బీఎస్పీ దేశంలో మూడో పెద్ద ఓట్ల వాటా, 4 శాతానికి పైగా తెచ్చుకుని ఒక్క సీటూ గెలవలేదు. ‘దేశమంతా ఫలానా వారి వెంట’ అని రాసే ముందు ఈ రెండు అంకెలూ తలుచుకో.

ఒకరోజు నాంపల్లి వెళ్లు. గాంధీభవన్, బీజేపీ రాష్ట్ర కార్యాలయం, కాస్త అవతల మజ్లిస్ వాళ్ల దారుస్సలాం, మూడూ కాలినడకన తిరిగి రావచ్చు. బీఆర్ఎస్ తెలంగాణ భవన్‌కు మాత్రం బంజారాహిల్స్ పోవాలి. మేనిఫెస్టోలు ఫోన్లో దొరుకుతాయి, తెలుసు. అయినా కాగితం మీదే చదువు, క్రియల కింద గీతలు గీస్తూ. ‘ఇస్తాం’ అని ఎక్కడ ఉంది, ‘పరిశీలిస్తాం’ అని ఎక్కడ ఉంది, ‘కృషి చేస్తాం’ అని ఎక్కడ ఉంది. ‘ఇస్తాం’ పక్కన అంకె, తేదీ ఉంటే అది మాట. ‘కృషి చేస్తాం’ అంటే, పెళ్లిపిలుపుకు ‘చూస్తాంలే’ అని జవాబు చెప్పినట్టు. ఒకే పార్టీ పాత మేనిఫెస్టోలో ‘చేస్తాం’ అని ఉన్నది కొత్తదాంట్లో ‘కృషి’ అయిందంటే ఆ జారుడులోనే నీకు ఒక పేరా ఉంది.

అభ్యర్థుల అఫిడవిట్లు కూడా తప్పకుండా చదువు, ఫారం 26 అంటారు. ఎన్నికల సంఘం సైట్లో అందరివీ ఉంటాయి. భార్య లేదా భర్త పేర బంగారం ఎన్ని గ్రాములో కూడా ఉంటుంది. సరదాగానే ఉంటుంది గానీ అక్కడే ఆగిపోకు. కేసుల పేజీలో నిదానంగా చూడు. కేసు నమోదైందా, కోర్టు అభియోగాలు మోపిందా, శిక్ష పడిందా. ఈ మూడూ వేరు. ధర్నాలో కూర్చున్నందుకు పెట్టిన కేసూ, మనిషిని కొట్టినందుకు పెట్టిన కేసూ అంకెల్లో చెరొకటిగానే కనిపిస్తాయి. ‘ఈయన మీద ఇన్ని కేసులు’ అని అంకె మాత్రం రాసి వదిలేస్తే అది బద్ధకం.

ఇదంతా చదివి, రెండో డ్రాఫ్టులో భయంతో ‘దొందూ దొందే’ అని చేతులు దులుపుకుంటావేమోనని నాకు టెన్షన్. అది నిష్పక్షపాతం కాదు. ఒకే తూకంతో తూచాక ఒకవైపు మొగ్గితే మొగ్గిందని రాయి. నీ ఓటు ఎటో కూడా మొదట్లోనే చెప్పేయాలనుకుంటే చెప్పేయ్, నాకు అభ్యంతరం లేదు. పాఠకులు దానికి తగ్గట్టు చదువుకుంటారు. తూకంరాళ్లు మాత్రం మార్చకు.

డ్రాఫ్టు సిద్ధమయ్యాక పోస్టులో వద్దు, నువ్వే తీసుకురా. ఆదివారం పొద్దున ఇంట్లోనే ఉంటాను. ఆ అకౌంటెంట్ గారి కార్డు ఇంకా నా డిక్షనరీలోనే ఉంది. అంచు మీది చివరి లైను నాకు ఇప్పటికీ సగమే అర్థమైంది. నీ కళ్లు మంచివి, చదివి పెడుదువుగాని.

మీ అమ్మగారిని అడిగానని చెప్పు.

నీ అక్క