లక్షమంది ఫాలోయర్లున్న ఖాతాకు తాళంచెవి ఎవరి దగ్గర ఉంది?

గత కొన్ని నెలలుగా ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల్లో ఒకే ఫిర్యాదు రకరకాల మాటల్లో మళ్లీ మళ్లీ కనిపిస్తోంది. ఏళ్ల తరబడి రాసి, వీడియోలు చేసి, ఓపికగా పేరు తెచ్చుకున్నవారు ఒకరోజు పొద్దున లేచి చూసేసరికి తమ ఖాతా పరాయిచేతుల్లోకి పోయిందని రాస్తున్నారు. వాటి మధ్యనే ‘ఫాలోయర్లను తొందరగా పెంచుకునే దారి చెప్పండి’ అన్న ఉత్తరాలూ ఉంటున్నాయి. ఈ రెండోరకం ఉత్తరాలు రాసేవారు మొదటిరకం ఉత్తరాలను ఒకసారి చదవడం అవసరమనిపించి, ఈసారి రెండింటికీ ఒకేచోట జవాబిస్తున్నాను.

ఖగోళశాస్త్రం మీద వీడియోలు చేసే ఒక పాఠకుడు ఇలా రాశారు: ‘నా ఛానల్‌కు 60 వేలమంది సబ్‌స్క్రైబర్లు ఉన్నారు. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ తయారుచేసే కంపెనీ అంటూ ఒకరు ప్రమోషన్ కోసం మెయిల్ పంపారు. ఒప్పంద పత్రం అని పంపిన ఫైల్ తెరిస్తే ఏమీ కనిపించలేదు. రెండు గంటల్లో ఛానల్ పేరు మారిపోయింది, నా వీడియోలన్నీ మాయమయ్యాయి, ఏదో క్రిప్టో కరెన్సీ లైవ్ మొదలైంది. నాకు టూ-స్టెప్ వెరిఫికేషన్ ఉంది, ఓటీపీ ఎవరికీ చెప్పలేదు. ఇదెలా జరిగింది?’

ఓటీపీ మీరు చెప్పలేదు, వాళ్లకు దాని అవసరమూ రాలేదు. మీరు ఒకసారి లాగిన్ అయ్యాక, ఇకపై ప్రతి క్లిక్‌కూ పాస్‌వర్డ్ అడగకుండా ఉండేందుకు ఆ సైట్ మీ బ్రౌజర్‌కు సెషన్ కుకీ అనే చిన్న గుర్తింపు చీటీని ఇస్తుంది. ఆ చీటీ ఎవరు చూపిస్తే వారినే సైట్ మీరని నమ్ముతుంది. పాస్‌వర్డ్, ఓటీపీ అన్నవి గుమ్మం దగ్గర జరిగే తనిఖీలు కాగా, ఈ కుకీ ఆ తనిఖీలన్నీ పూర్తయ్యాక చేతికిచ్చే అనుమతి పత్రం. మీరు తెరిచిన ఫైల్‌లో ఉన్న దొంగ ప్రోగ్రామ్ మీ బ్రౌజర్ దాచుకున్న కుకీలను, పాస్‌వర్డ్‌లను కొన్ని సెకన్లలో మూటగట్టి వాళ్లకు పంపించి ఉంటుంది. వాళ్లు ఆ కుకీని తమ బ్రౌజర్‌లో పెట్టుకుని, ఏ ప్రశ్నా ఎదుర్కోకుండా నేరుగా మీ ఛానల్ లోపలికి వచ్చారు.

ఇది కొత్త మోసమేమీ కాదు. 2019 చివరి నుంచి యూట్యూబ్ ఛానళ్ల యజమానులపై ఇదే పద్ధతిలో దాడులు జరుగుతున్నాయని గూగుల్ భద్రతా పరిశోధకులు 2021 అక్టోబర్‌లో వివరంగా వెల్లడించారు. 2023 మార్చిలో, కోటిన్నర మందికి పైగా సబ్‌స్క్రైబర్లున్న లైనస్ టెక్ టిప్స్ ఛానల్ కూడా ఇలాగే పోయింది. ఆ సంస్థ ఉద్యోగి ఒకరు స్పాన్సర్‌షిప్ ప్రతిపాదన అనుకుని ఒక ఫైల్ తెరవడమే అందుకు కారణం. పొద్దస్తమానం కంప్యూటర్ల గురించే మాట్లాడే బృందానికే అలా జరిగింది కాబట్టి, మిమ్మల్ని నిందించే ఉద్దేశం నాకు లేదు.

అయితే ఆ ఫైల్‌ను దగ్గరగా చూద్దాం, ఎందుకంటే ఇలాంటివి దాదాపు అన్నీ ఒకే మూసలో వస్తున్నాయి. మెయిల్‌లో ఒక జిప్ ఫైల్ ఉంటుంది, దానికి పాస్‌వర్డ్ ఉంటుంది, ఆ పాస్‌వర్డ్ అదే మెయిల్‌లో రాసి ఉంటుంది. మెయిల్ సర్వర్ ఆ జిప్‌ను విప్పి పరీక్షించకుండా అడ్డుకోవడం తప్ప ఆ పాస్‌వర్డ్‌కు మరో ప్రయోజనం లేదు. లోపలి ఫైల్‌కు పీడీఎఫ్ గుర్తు కనిపిస్తుంది, పేరు కూడా పీడీఎఫ్ అనే చెబుతుంది, కానీ ఆ తర్వాత ఇంకో చుక్క, దాని వెనుక ఎస్‌సీఆర్ అనో ఈఎక్స్ఈ అనో మూడక్షరాలు ఉంటాయి. అసలు పేరు అదే. కొన్నిసార్లు యాంటీవైరస్ పరీక్షించే పరిమితిని దాటించడం కోసం పనికిరాని డేటా నింపి, ఆ ఫైల్‌ను వందల ఎంబీల దాకా ఉబ్బిస్తారు. నాలుగు పేజీల ఒప్పందం అంత బరువు ఎందుకుందన్న అనుమానం అక్కడే రావాలి.

ఇక్కడ కంప్యూటర్ వ్యవస్థను తయారుచేసేవారి నిర్లక్ష్యాన్ని చెప్పకుండా ఉండలేను. ఫైల్ పేరులోని ఆ చివరి మూడక్షరాలను మొదటినుంచీ దాచిపెట్టే ఉంచడమన్న అలవాటు దశాబ్దాలుగా సాగుతోంది. తెరపై ‘ఒప్పందం.పీడీఎఫ్’ అని మాత్రమే చూపించి, నిజానికి అది నడిచే ప్రోగ్రామ్ అన్న సంగతిని సెట్టింగ్‌ల అడుగున దాచిన వ్యవస్థ, వాడేవారి కళ్లకు తానే గంతలు కట్టినట్టు. కంప్యూటర్ కొన్న మొదటిరోజే ఫైల్ ఎక్స్‌టెన్షన్లు కనిపించేలా ఆ సెట్టింగ్ మార్చుకోండి.

ఖాతా పోయినప్పుడు చాలామంది చేసే పొరపాటు, దొంగ ప్రోగ్రామ్ ఉన్న ఆ కంప్యూటర్‌లోనే కూర్చుని పాస్‌వర్డ్ మార్చడం. కొత్త పాస్‌వర్డ్ కూడా అదే దారిన వెళ్లిపోతుంది. ముందు ఆ కంప్యూటర్‌కు ఇంటర్నెట్ తీసేయండి. శుభ్రంగా ఉన్న మరో ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో ఖాతాలోకి వెళ్లి, అన్ని పరికరాల నుంచీ లాగౌట్ చేసే మీట నొక్కండి, ఎందుకంటే పాస్‌వర్డ్ మార్చినంత మాత్రాన పాత సెషన్లు ప్రతి సేవలోనూ రద్దు కావు. తర్వాత రికవరీ మెయిల్, రికవరీ ఫోన్ నంబర్, అనుసంధానమైన యాప్‌ల జాబితా, అడ్మిన్‌ల జాబితా ఒక్కొక్కటే చూసి, మీకు తెలియనివాటిని తొలగించండి. వెళ్లిన దొంగ మళ్లీ రావడానికి సాధారణంగా ఒక దొడ్డిదారి వదిలే వెళ్తాడు. ఆ కంప్యూటర్‌లో ఆపరేటింగ్ సిస్టమ్‌ను మళ్లీ మొదటినుంచి వేయించాకే వాడండి.

ముందుజాగ్రత్తగా నేను ఒకే సూచన గట్టిగా చేస్తాను. ప్రచార ప్రతిపాదనలు వచ్చే మెయిల్ వేరు, ఛానల్‌కు యజమానిగా ఉన్న మెయిల్ వేరు కావాలి. తెలియనివారి ఫైళ్లు తెరిచే కంప్యూటర్‌లో యజమాని ఖాతాతో ఎప్పుడూ లాగిన్ కాకండి. లాగిన్ కాని చోట దొంగిలించడానికి కుకీ ఉండదు. ఎస్ఎంఎస్ ఓటీపీకి బదులు పాస్‌కీ, అంటే పాస్‌వర్డ్ టైప్ చేయకుండా ఫోన్‌లోని వేలిముద్రతోనో పిన్‌తోనో లాగిన్ చేయించే తాళం, పెట్టుకోవడం మంచిదే. ట్విట్టర్ సహవ్యవస్థాపకుడు జాక్ డోర్సీ ఖాతానే 2019 ఆగస్టులో దుండగులు ఆయన ఫోన్ నంబర్‌ను చేజిక్కించుకుని వాడుకున్నారు కాబట్టి, ఫోన్ నంబర్ మీద అంత భరోసా పెట్టుకోకూడదు. పాస్‌కీ నకిలీ లాగిన్ పేజీల నుంచి కాపాడుతుంది, కానీ లాగిన్ అయిన తర్వాత జరిగే కుకీ దొంగతనాన్ని అది ఆపలేదన్న సంగతి మరిచిపోవద్దు.

వేదికల బాధ్యత కూడా ఇందులో తక్కువేమీ కాదు. పదేళ్లుగా ఒకే పేరుతో నడుస్తున్న ఛానల్ పేరు అర్ధరాత్రి మార్చి, వందల వీడియోలను ఒకేసారి దాచి, వెంటనే లైవ్ మొదలుపెట్టే మనిషిని మరోసారి పాస్‌వర్డ్ అడగడానికి అడ్డేమిటి? కుకీని ఆ పరికరానికే కట్టిపడేసి, మరోచోట పనిచేయకుండా చేసే పద్ధతిని క్రోమ్ బృందం 2024లో ప్రకటించింది. అది అన్ని బ్రౌజర్లకూ, అన్ని సైట్లకూ చేరేదాకా, పెద్ద మార్పులకు ముందు మళ్లీ తనిఖీ చేయడమన్నది ప్రతి వేదికా తప్పనిసరి చేయాలి.

ఇక ఫాలోయర్ల మాట. ‘మూడేళ్లుగా రాస్తున్నా పదిమంది కూడా చదవడం లేదు, వారంలో పదివేలమంది ఫాలోయర్లను ఇచ్చే యాప్ వాడవచ్చా’ అని ఒక పాఠకురాలు అడిగారు. వద్దండీ. అలాంటి యాప్‌లు చాలావరకు మీ ఖాతా పాస్‌వర్డ్‌నే అడుగుతాయి, అది ఇచ్చిన మరుక్షణం పైన చెప్పిన కథ కుకీ అవసరం కూడా లేకుండా మొదలవుతుంది. పైగా కొన్న ఫాలోయర్లు మీ రాతలు చదవరు. ఒక పోస్టును ముందు కొద్దిమందికి చూపించి, వారు ఆగి చదివారా, ఇతరులకు పంపారా అన్నదాన్ని బట్టి మరికొందరికి చూపించడం ఈ వేదికల్లో మామూలు పద్ధతి. ఆ కొద్దిమందిలో ప్రాణం లేని ఖాతాలే ఎక్కువగా ఉంటే, నిజమైన పాఠకుల దాకా మీ పోస్టు వెళ్లదు. అంటే సొంత డబ్బుతో మీ రీచ్‌ను మీరే తగ్గించుకుంటారు. ప్రచారం కోసం నకిలీ ఫాలోయర్లను అమ్మడాన్నీ, తెలిసి కొనడాన్నీ అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2024లో నిబంధన తెచ్చి నిషేధించింది.

మీ పాత వ్యాసాలు కొన్ని చదివాను. ప్రతిదీ ఒక విశాలమైన విషయంతో మొదలై ఎవరికీ ప్రత్యేకంగా ఉపయోగపడకుండా ముగుస్తోంది. కుట్టుమిషన్ మీద మీరు రాసినవాటిలో దారం పదేపదే ఎందుకు తెగుతుందో చెప్పిన ఒక్క వ్యాసం మాత్రం అద్భుతంగా ఉంది. సూది తిరగబడి ఉందేమో, బాబిన్ బిగువు ఎంత ఉందో, దారం ఏ గాడిలోంచి జారిపోయిందో ఒక్కో ఫోటోతో చూపించారు. ఆ సమస్య వచ్చినవారు సెర్చ్‌లో వెతికేది అచ్చం ఆ మాటలతోనే. అలాంటివి ఇరవై రాయండి, శీర్షికలో సమస్యను సూటిగా చెప్పండి, ఒక వ్యాసం నుంచి మరోదానికి లింకు ఇవ్వండి. సోషల్ మీడియా పోస్టు ఒకటి రెండు రోజుల్లో కిందికి వెళ్లిపోతుంది, సెర్చ్ ద్వారా వచ్చే వ్యాసం ఏళ్ల తరబడి మనుషుల్ని తెస్తూనే ఉంటుంది.

‘అయితే బ్లాగు ఎందుకు, అంతా సోషల్ మీడియాలోనే పెట్టేస్తే సరిపోదా’ అని మరొకరి ప్రశ్న. సరిపోదు. ఒకప్పుడు జనం గుమిగూడిన వేదికలే అయినా జియోసిటీస్ 2009లో, ఆర్కుట్ 2014లో, వైన్ 2017లో, గూగుల్ ప్లస్ 2019లో మూతపడ్డాయి. మూడేళ్లకు పైబడిన ఫోటోలు, పాటలు, వీడియోలు సర్వర్ల మార్పిడిలో పోయి ఉండవచ్చని మైస్పేస్ 2019లో ఒప్పుకుంది. మూతపడకపోయినా, ఎవరి పోస్టు ఎందరికి చూపించాలో నిర్ణయించేది ఆ వేదికే. 2018 జనవరిలో ఫేస్‌బుక్ స్నేహితుల, కుటుంబసభ్యుల పోస్టులకు ప్రాధాన్యం పెంచడంతో, పేజీలనే నమ్ముకున్న ఎందరో ప్రచురణకర్తల పాఠకుల సంఖ్య పడిపోయింది. అందుకే సొంత డొమైన్ (మీ పేరున తీసుకునే వెబ్ చిరునామా) మీద బ్లాగు, పాఠకుల మెయిల్ చిరునామాలతో న్యూస్‌లెటర్ ఉంచుకుని, సోషల్ మీడియాను అక్కడికి దారి చూపించడానికి వాడండి.

ఆ డొమైన్ విషయంలోనే ఎవరూ పట్టించుకోని ప్రమాదం ఒకటుంది. సైట్ చేసిపెట్టిన కుర్రాడి పేరు మీదే డొమైన్ రిజిస్టర్ అయి ఉండటం, అతను ఎక్కడికో వెళ్లిపోవడం, రెన్యువల్ తేదీ దాటిపోవడం నాకొచ్చే ఉత్తరాల్లో తరచూ చూస్తున్నాను. గడువు దాటి కొన్ని వారాలు గడిస్తే ఆ డొమైన్‌ను ఎవరైనా కొనుక్కోవచ్చు. కొన్నవారికి మీ సైట్ చిరునామా ఒక్కటే రాదు. ఆ డొమైన్ మీద ఉన్న మెయిల్‌కు వచ్చే ప్రతి ఉత్తరమూ వారికే చేరుతుంది, అందులో మీ సోషల్ మీడియా ఖాతాల పాస్‌వర్డ్ రీసెట్ లింకులూ ఉంటాయి. డొమైన్ మీ పేరు మీద, మీ సొంత మెయిల్‌తో ఉండాలి, ఆటో రెన్యువల్ వేసి ఉంచాలి, డొమైన్ అమ్మిన సంస్థలో (రిజిస్ట్రార్) ఉన్న మీ ఖాతాకు అన్నిటికన్నా బలమైన తాళం వేయాలి.

బ్లూ టిక్ కొనుక్కుంటే నమ్మకం పెరుగుతుందా అన్న ప్రశ్నకు క్లుప్తంగా చెబుతాను. డబ్బు కట్టినవారికల్లా ఇచ్చే గుర్తు ఎవరి గురించీ ఏమీ చెప్పదు. గుర్తింపును నిజంగా పరిశీలించి ఇచ్చిన రోజుల్లో కూడా, 2020 జులైలో మోసగాళ్లు ట్విట్టర్ ఉద్యోగులను ఫోన్‌లో బోల్తాకొట్టించి 130 ఖాతాలపై గురిపెట్టినప్పుడు, బరాక్ ఒబామా, జో బైడెన్ ఖాతాల పక్కన ఉన్న ఆ గుర్తు బిట్‌కాయిన్ పంపమన్న మోసగాళ్ల మాటకే బలమిచ్చింది.

చివరిగా, పేజీని చూసుకునే సహాయకుడికి పాస్‌వర్డ్ ఇవ్వవచ్చా అని అడిగినవారికి: పాస్‌వర్డ్ ఇవ్వకండి, అతని సొంత ఖాతాకు ఎడిటర్ హోదా మాత్రమే ఇవ్వండి. మీరు నమ్మే మరొక్కరిని రెండో అడ్మిన్‌గా ఉంచుకోండి, అప్పుడు మీ ఖాతా పోయినా పేజీ పోదు. ఆ సహాయకుడు పని మానేసిన రోజునే, జీతం లెక్క చూసే ముందే, అడ్మిన్ జాబితా తెరిచి అతని పేరు తీసేయండి. రికవరీ కోడ్‌లను కాగితం మీద రాసి బీరువాలో పెట్టుకోండి, ఫోన్ గ్యాలరీలో స్క్రీన్‌షాట్‌గా ఉంచుకోకండి.