ఆఫీసువాళ్ళ చలివేంద్రం: నాలుగు ఎండాకాలాల్లో నేను చూసింది

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది కదా: బెంగళూరులో ఒక స్థానిక సంస్థలో కొత్తగా ఉద్యోగంలో చేరారు. ఉగాది దగ్గర పడుతోంది. చలివేంద్రం పెడదాం, రామనవమికి పానకం పంచుదాం, ఒక ఆదివారం చెరువు శుభ్రం చేద్దాం అని ఆఫీసులో మాటలు మొదలయ్యాయి. మిమ్మల్ని అడక్కుండానే లిస్టులో మీ పేరు రాసేశారు. పోకపోతే ఏమన్నా అవుతుందా, పోతే ఏం చెయ్యాలి, అసలు వీటివల్ల జనానికి ఉపయోగం ఉందా అని అడిగారు.

నేనూ అలాంటి ఆఫీసులోనే రెవిన్యూ విభాగంలో గుమాస్తాని. మా అమ్మానాన్నలు పెనుకొండ వైపు నుంచి వచ్చారు, నేను పుట్టి పెరిగింది ఇక్కడే. ఆఫీసు పేరు మాత్రం అడక్కండి, ఇంకా ఉద్యోగం చేసుకోవాలి.

ముందు మీ టెన్షన్ సంగతి. ఎలక్షన్ డ్యూటీ అయితే ఆర్డరు వస్తుంది, సంతకం పెట్టి తీసుకుంటాం, ఎగ్గొడితే మెడకు చుట్టుకుంటుంది. చలివేంద్రానికి అలాంటి కాగితం ఏదీ రాదు. నోటిమాటే. రానంటే రూలు ప్రకారం ఎవరూ ఏమీ చెయ్యలేరు. కాకపోతే పై అధికారి కాఫీ తాగుతూ "వస్తున్నావు కదప్పా" అన్నప్పుడు ప్రొబేషన్‌లో ఉన్న మనిషికి కాదనడానికి నోరెక్కడొస్తుంది? నేనూ మొదట్లో తల ఊపినవాణ్ణే. అందుకని మీరు చెయ్యగలిగిన చిన్న పని ఒకటి మీరే చూసుకుని ముందే చెప్పెయ్యండి. "గురువారం గురువారం కుండ నేను నింపుతా" అన్నవాణ్ణి ఆదివారం చెరువు పనికి ఎవరూ బలవంతపెట్టరు.

మీది ఏ విభాగమో రాయలేదు. రెవిన్యూ అయితే ఏప్రిల్లో ఊపిరి సలపదు. ఇక్కడ ఆస్తిపన్ను ఏడాది మొత్తం ఏప్రిల్ 30 లోపు కట్టేస్తే 5 శాతం తగ్గింపు. ఆఖరి వారంలో కౌంటరు ముందు జనం చూడాలి! కలబురగి వైపు ఆఫీసులకు ఏప్రిల్, మే నెలల్లో పొద్దున 8 నుంచి మధ్యాహ్నం ఒకటిన్నర దాకా అని టైము మారుస్తారు, బెంగళూరుకు ఆ భాగ్యం లేదు. కాబట్టి ఏ సేవ అయినా పొద్దున తొమ్మిదింటి లోపు అయిపోయేదిగా చూసుకోండి.

డబ్బు విషయం మాత్రం తేలిగ్గా తీసుకోకండి. కేంద్ర ఉద్యోగుల 1964 నాటి నడవడి నియమాల్లో 15వ నియమం సమాజసేవ, దానధర్మాల పనిని ప్రతిఫలం లేకుండా చేసుకోవచ్చంటుంది. ముందు అనుమతి అక్కర్లేదు, ఆఫీసు పని చెడకుండా ఉంటే చాలు. అదే పుస్తకంలో 12వ నియమం అనుమతి లేకుండా చందాలు అడక్కూడదు, వసూలు చెయ్యకూడదు అంటుంది. రాష్ట్రాల నియమాలూ ఇంచుమించు ఆ బాటలోనే ఉంటాయి. మా మొదటేడు ఒకాయన ఉత్సాహం కొద్దీ దగ్గర్లో హోటలాయన దగ్గర రెండు వేలు పట్టుకొచ్చాడు. ఆ హోటల్ లైసెన్సు రెన్యువల్ ఫైలు అప్పుడు మా ఆఫీసులోనే ఉంది! పాపం ఆ హోటలాయన మజ్జిగ కోసమే ఇచ్చాడేమో, కానీ చూసేవాళ్ళకి ఎలా కనిపిస్తుంది? మర్నాడే తిరిగిచ్చేయించారు. అప్పటినుంచి మాది ఒకటే పద్ధతి. మనిషికి నెలకు రెండొందలు, మా జేబుల్లోంచి. బయటివాళ్ళు ఏమన్నా ఇవ్వాలనుకుంటే బెల్లం తెచ్చి ఇస్తారు, డబ్బు కాదు.

ఇక అసలు కథ. 2023 ఉగాదికి ముందురోజు ఆఫీసు గేటు పక్కన షామియానా వేశాం. నాలుగు కుండలు, వాటికి పూలదండలు, రిబ్బను, కత్తెర. మా అందరి ఫోటోలతో ఒక ఫ్లెక్సు. ఈ ఊళ్ళో ఫ్లెక్సులు 2018 నుంచి నిషేధం, కట్టినవాళ్ళకి నోటీసులిచ్చేది మా బోటివాళ్ళమే! ఆ సంగతి ఆరోజు ఎవరికీ గుర్తు రాలేదు. రిబ్బను కత్తిరించారు, ఫోటోలు తీశారు, గ్రూపులో పెట్టారు. అయిదో రోజుకు రెండు కుండలు ఖాళీ. మూడోదాంట్లో వేపాకులు, చీమలు తేలుతున్నాయి. గొలుసు వేసి కట్టిన స్టీలు గ్లాసు గొలుసుతో సహా మాయం. ఫ్లెక్సు మాత్రం మే నెలాఖరు దాకా మా మొహాలతో అలాగే వేలాడింది. ఎవరు నింపాలో ఎవరికీ చెప్పలేదు, అందరి పని కాబట్టి ఎవరి పనీ కాలేదు.

అదే ఏడు రామనవమికి పానకం, కోసంబరి (మన వడపప్పు లాంటిదే), నీళ్ళ మజ్జిగ పంచాం. బెంగళూరులో ఆరోజు ఏ వీధిలో చూసినా ఇవే కదా. 1939లో మొదలై, ఇప్పుడు చామరాజపేట ఫోర్ట్ హైస్కూల్ మైదానంలో జరిగే రామనవమి కచేరీలకు పోతూ దారిలో నాలుగు చోట్ల పానకం తాగి పోయేవాళ్ళని నాకు తెలుసు. మాది బాగానే జరిగింది, ఆరేడు వందలమంది తాగుంటారు. మర్నాడు పొద్దున ఆఫీసుకు కాస్త ముందొచ్చాను. మా రోడ్డు ఊడ్చే అక్క కాలవ గట్టున కూర్చుని ఒక్కో కప్పూ ఏరుతోంది. హిందూపురం వైపు మనిషి. ఈ ఊరి పౌరకార్మికుల్లో (పారిశుధ్య కార్మికులని ఇక్కడ అలా అంటారు) అనంతపురం, చిత్తూరు, కర్నూలు వైపు నుంచి తరాల కిందట వచ్చిన దళిత కుటుంబాలవాళ్ళు చాలామంది, ఇంట్లో తెలుగే. నన్ను చూసి నవ్వుతూనే అంది: "పుణ్యం మీది, లోటాలు మావా సార్?"

పేపరు కప్పులే కదా అని నసిగాను. పేపరు కప్పు లోపల పల్చటి ప్లాస్టిక్ పొర ఉంటుంది, నీళ్ళు కారకుండా. అందుకని అది ఎరువులో కుళ్ళదు, పానకం జిగురుతో ఉన్నది పొడిచెత్తలో ఎవరూ కొనరు. ఈ సంగతి నాకు చెప్పింది ఆవిడే. చెత్త వేరు చెయ్యమని ఇంటింటికీ కరపత్రాలు పంచిన ఆఫీసు మాది.

ఆ మాటల్లోనే ఇంకోటి తెలిసింది. మా కుండ నీళ్ళు ఆవిడ ఎప్పుడూ తాగలేదట. అంటే తప్పుగా అనుకున్నాను, శుభ్రంగా లేవనేమోనని. అది కాదు. పొద్దున ఆరున్నరకల్లా హాజరు వేయించుకుని మధ్యాహ్నం దాకా రోడ్డు మీదే ఉంటారు. "తాగితే పోవల్ల గదా సార్, యాడికి పోవల్ల?" అంది. దగ్గర్లో ఆడవాళ్ళకి మరుగుదొడ్డి లేదు. అందుకని ఎండలో పనిచేసే ఆడవాళ్ళే దాహం చంపుకుని నీళ్ళు తాగడం తగ్గిస్తున్నారు. మేమేమో గేటు పక్కన, అంటే ఫ్యాను కింద కూర్చునే మాకు దగ్గరగా, కుండలు పెట్టుకున్నాం.

మీరు అడిగిన ఉపయోగం సంగతికి నా జవాబు ఇక్కడే ఉంది. ఎండలో ఎవరు ఎక్కడ నిలబడుతున్నారో చూడకుండా పెట్టిన చలివేంద్రం ఫోటోకే పనికొస్తుంది. మరుసటేడు కుండల్ని పౌరకార్మికులు హాజరు వేసుకునే చోటికి మార్చాం. పక్కనే ఆటో స్టాండు, నలభై అడుగుల దూరంలో డబ్బులిచ్చి వాడుకునే మరుగుదొడ్డి. పౌరకార్మికుల దగ్గర డబ్బులు తీసుకోవద్దని దాని నిర్వాహకుడితో మాట్లాడాం. మొదట గొణిగాడు, తర్వాత సరేనన్నాడు. పైసా ఖర్చులేని ఆ మాట మేం కొన్న కుండలన్నిటికన్నా ఎక్కువ పనిచేసింది.

2024 మీకు గుర్తుండే ఉంటుంది. మార్చికే బోర్లు ఎండిపోయాయి. తాగే నీళ్ళతో కార్లు కడిగితే, మొక్కలకు పోస్తే 5,000 రూపాయల జరిమానా అని నీటి బోర్డు ఆర్డరు వేసింది. అయిదు రూపాయల బిళ్ళ వేస్తే 20 లీటర్లు వచ్చే శుద్ధనీటి కేంద్రాల ముందు క్యాన్ల వరసలు. ఏప్రిల్లో చినుకు జాడ లేదు. ఇళ్ళలోనే నీళ్ళు లేనప్పుడు రోడ్డు మీద కుండ ఏమిటని మాలో సగం మంది అన్నారు. అలాంటప్పుడే కదా కావాల్సింది అని మిగతా సగం. ఆఖరికి తలా ఒక క్యాను, వారానికి ఒక రోజు, ఎవరి రోజు వాళ్ళు వరసలో నిలబడి తేవాలని చీటీ రాసుకున్నాం. మూడు వారాలు బ్రహ్మాండంగా నడిచింది.

ఆ ఏప్రిల్ 26న బెంగళూరులో పోలింగ్. చీటీలో ఉన్నవాళ్ళలో ముప్పాతిక మందికి ఎలక్షన్ డ్యూటీ పడింది. ట్రైనింగు, సామాన్లు తీసుకోవడం, పోలింగు, తిరిగి అప్పగించడం, ఇంటికొచ్చి పడితే లేచే ఓపిక లేదు. నాలుగు రోజులు కుండ సంగతి ఎవరం తలుచుకోలేదు. అయిదో రోజు భయపడుతూ వెళ్ళాను. కుండలు నిండుగా ఉన్నాయి, మూతల మీద తడిగుడ్డ కూడా కప్పి ఉంది. ఆటో స్టాండు కుర్రాళ్ళు వంతులేసుకున్నారట. అడగలేదు, చెప్పలేదు. అప్పటినుంచి చీటీలో వాళ్ళ పేర్లూ ఉన్నాయి. నిజం చెప్పాలంటే ఇప్పుడు దాన్ని నడిపేది వాళ్ళే, మేం పక్కనుండి సాయం చేస్తాం.

రామనవమికి ఇప్పుడు కప్పులు లేవు. స్టీలు గ్లాసులు రెండొందలు ఒక కల్యాణ మంటపం నుంచి అద్దెకు తెస్తాం, రెండు టబ్బుల్లో మేమే కడుగుతాం. గుమాస్తాలు గ్లాసులు కడగడం చూడ్డానికే కొంతమంది వస్తారు. పానకం కాస్త తక్కువమందికి అందుతుంది, ఏం ఫరవాలేదు. మిరియాలూ శొంఠీ మాత్రం తగ్గించొద్దు, అవి లేకపోతే అది బెల్లం నీళ్ళే.

చెరువు శుభ్రం గురించి నాకు పెద్ద మంచి మాట లేదు. రెండుసార్లు వెళ్ళాను. గ్లౌజులు చాలలేదు, తీసిన చెత్త గట్టున కుప్ప పోసి వచ్చేశాం, అది ఎత్తడానికి మళ్ళీ ఆ పౌరకార్మికులే. పుట్టేనహళ్ళి చెరువులా చుట్టుపక్కలవాళ్ళు ట్రస్టు పెట్టుకుని, 2011లో పాలికెతో (నగర కార్పొరేషన్‌తో) ఒప్పందం చేసుకుని ఏళ్ళ తరబడి చూసుకుంటున్న చోటైతే తప్పకుండా వెళ్ళండి. అలాంటిచోట ఏ పని చెయ్యాలో చెప్పే మనిషి ఉంటారు. ఒక్కరోజు హడావిడికైతే ఇంట్లో పడుకోవడం నయం.

పిట్టలకు నీళ్ళ మూకుళ్ళు పెడతామని మా వాళ్ళలో కొందరు అన్నారు. పెట్టండి, కానీ రోజూ నీళ్ళు మార్చాలి. వారం ఊరుకుంటే అందులోనే డెంగీ దోమలు పెరుగుతాయి, ఆ లార్వా వెతుక్కుంటూ వచ్చేది మళ్ళీ మన ఆరోగ్య విభాగమే.

2025 మే 1న 12 వేలకు పైగా పౌరకార్మికులకు పర్మనెంటు ఉత్తర్వులు ఇచ్చారు కదా, మా రోడ్డు ఊడ్చే అక్కకీ వచ్చింది. మర్నాడు చలివేంద్రం దగ్గరికి మైసూర్‌పాకు డబ్బా తెచ్చింది. అందరికీ తనే మజ్జిగ పోసింది, స్టీలు గ్లాసుల్లోనే. నా గ్లాసు ఖాళీ కాగానే "కడిగి పెట్టు సార్" అని టబ్బు చూపించింది.

కుండ ఎలాంటిది కొనాలని కూడా అడిగారు. బెన్సన్ టౌన్ పక్కన పాటరీ టౌన్‌కి వెళ్ళండి. కొళాయి ఉన్నదే తీసుకోండి, లోటా ముంచేది వద్దు, పదిమంది చేతులు పడతాయి. కొళాయి బిగించిన చోట కారుతుందేమో అక్కడే నీళ్ళు పోయించి చూసుకోండి. తెచ్చాక ఒక రోజంతా నీళ్ళలో నాననిచ్చి, సబ్బు తగలకుండా పీచుతో రుద్ది కడగండి. కింద ఇసుక పోసి తడుపుతూ ఉంటే చల్లదనం నిలుస్తుంది. ఎక్కడ పెట్టాలో మాత్రం ముందు మీ వీధి ఊడ్చేవాళ్ళని అడిగి, ఆ తర్వాతే కొనడానికి వెళ్ళండి.